వరదకు దాచిన చేప డబ్బాలు

కిందటేడు బడి తెరిచిన దగ్గర్నుంచి వరద వచ్చేదాకా మంచం కింది రేకు ట్రంకుపెట్టెను నేను ఎన్నిసార్లు బయటికి లాగానో లెక్క లేదు. అందులో చీరలు లేవు, నగలు లేవు, చేప డబ్బాలున్నాయి. మూత తీసి, ఒక్కో డబ్బానూ చేతిలోకి తీసుకుని, ఎక్కడైనా ఉబ్బిందేమో వేలితో నొక్కి చూసి, మళ్ళీ వరసగా పేర్చి, పెట్టెను లోపలికి తోసి వంటింట్లోకి వెళ్ళేదాన్ని. అక్కడ నిలబడ్డాక, పదకొండు చూశానా పన్నెండు చూశానా అని అనుమానం వచ్చేది. మళ్ళీ వెనక్కి. మా ఆయన కుర్చీలో కూర్చుని ఇదంతా చూసి, "పిల్లి పిల్లల్ని తిప్పినట్టు ఎందుకే వాటినలా తిప్పుతావు?" అనేవారు. ఆయనకేం, నవ్వులాటగానే ఉండేది. ఆ డబ్బాలు ఎవరి కోసమో ఆయనకు తెలుసు, నాకు తెలుసు, ఇంకెవరికీ తెలియదని అనుకున్నాం.

నేను మండల పరిషత్ బడిలో నాలుగో తరగతి టీచర్ని. మాది గోదావరి పాయల మధ్య ఒక లంక. బయటి లోకానికీ మాకూ ఏటికి అడ్డంగా వేసిన ఒక కాజ్‌వే రోడ్డే ఆధారం. జులైలోనో ఆగస్టులోనో అది మునుగుతుంది. ఒక్కో ఏడు రెండు రోజుల్లో తేలుతుంది, ఒక్కో ఏడు వారం. కరెంటు తీసేస్తారు. ఫ్రిజ్ ఉత్త బీరువా అయిపోతుంది. ప్రభుత్వం వాళ్ళ పడవలో బియ్యం, కందిపప్పు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు వస్తాయి. మిగతాది ఎవరి ఇంట్లో వాళ్ళు దాచుకున్నదే. మా లంకలో దాచుకోవడమంటే ఉప్పులో వేసి దాచుకోవడమే. ఆవకాయ, ఊరమిరపకాయలు, ఎండబెట్టిన సవళ్ళ చేపలు, ఉప్పుచేప. నేను పుట్టింది కూడా ఇలాంటి లంకలోనే కనక, తిండిని ఇంకో రకంగా నిలవ ఉంచుకోవచ్చనే ఊహ కూడా నాకు ఉండేది కాదు.

అంతకు ముందేటి వరదలో ఆ ఉప్పే మా ఆయన ప్రాణాల మీదికి తెచ్చింది.

ఆయన మెకానిక్కు. అవతలి ఒడ్డు నుంచి భీమవరం దాకా రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లు, డీజిలింజన్లు, మోటార్లు బాగుచేస్తారు. గుండె కొంచెం బలహీనంగా ఉందని అప్పటికే ఒక డాక్టరు చెప్పి మాత్రలు రాశాడు. ఆ 'కొంచెం' అన్న మాటను మేమిద్దరం గట్టిగా పట్టుకుని మిగతాది వదిలేశాం. నీసు లేకపోతే ఆయనకు ముద్ద దిగదు. ఆ వరద ఐదు రోజులూ నేను ఎండు సవళ్ళు వంకాయతో ఒక పూట, పులుసు పెట్టి ఒక పూట వండాను. ఆయన లొట్టలు వేసుకుని తిన్నారు. మూడో రోజుకు పాదాలు ఉబ్బాయి. నీళ్ళలో నానినందువల్ల అనుకున్నాం. ఐదో రోజు పొద్దున్న పడుకోలేక గోడకు చేరగిలబడి, నోరు తెరుచుకుని ఊపిరి పీలుస్తుంటే గట్టు మీదికి పరిగెత్తి పడవను కేకేశాను. పడవలో కూర్చోబెట్టి ఒడ్డుకు, అక్కణ్ణుంచి కారులో రాజమండ్రికి. దారి పొడుగునా ఆయన చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది. ఆ చల్లదనం ఇప్పటికీ ఫ్రిజ్‌లోంచి ఏ పాల గిన్నె తీసినా గుర్తొస్తుంది.

తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. డాక్టరు గారు చిన్నవాడు, మొహమాటం లేని మనిషి. "పచ్చడి, అప్పడం, ఎండుచేప, ఈ మూడూ మీ గుమ్మం తొక్కకూడదండి. గుండె సగం పనే చేస్తోంది. ఇంకోసారి ఇలా వస్తే నేనేం చెయ్యలేను," అన్నారు. ఇంకోసారి అంటే డాక్టరు గారి మనసులో ఏముందో గానీ, నా మనసులో మాత్రం వచ్చే ఆగస్టు ఉంది.

ఇంటికి వచ్చే దారిలో మా ఆయన ఒక షరతు పెట్టారు. "ఊళ్ళో ఎవరికీ చెప్పకు. గుండె జబ్బు మనిషిని నడుంలోతు నీళ్ళలోకి ఎవడూ దింపడు. చెరువుల వాళ్ళకి తెలిస్తే ఒక్క ఫోనూ రాదు." పని లేకపోతే ఆ మనిషి గుండె సంగతి తరవాత, ముందు మనసు పోతుంది. నేను ఒప్పుకున్నాను. ఎవరడిగినా గ్యాస్ అని చెప్పాం. మా వైపు గ్యాస్ అన్న మాటకు తిరుగులేదు. కడుపునొప్పికి గ్యాస్, నడుంనొప్పికి గ్యాస్, మనిషి ఉన్నట్టుండి పడిపోయినా ముందు గ్యాసే. రెండో ప్రశ్న ఎవరూ వెయ్యరు. వెయ్యలేదు కూడా.

పప్పూ బంగాళాదుంపలతో ఆయన ఐదు రోజులు గడపలేరా అంటారేమో. ఆయన్ని నేనూ అడిగాను. "ఎందుకు గడపలేనూ," అన్నారు, కిటికీలోంచి బయటికి చూస్తూ. ఆ జవాబు మీద నాకు నమ్మకం కుదరలేదు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆయన పనిముట్ల పెట్టెలో టెస్టర్ కోసం వెతుకుతుంటే, స్పానర్ల మధ్య పేపరు పొట్లం దొరికింది. విప్పితే ఎండు సవళ్ళు. నేను ఒంటికాలి మీద లేచాను. పొట్లం తీసుకెళ్ళి కాలవలో విసిరేసి వచ్చి, నన్ను విధవరాలిని చేసేదాకా నీకు నిద్ర పట్టదా అని అరిచాను. పెళ్ళయిన పాతికేళ్ళలో ఆయన్ని 'నువ్వు' అనడం అదే మొదటిసారి. ఆయన తల వంచుకుని, "నాలిక చచ్చిపోయిందే," అన్నారు. ఆ మాటతో నా కోపం ఎటు పోయిందో తెలియదు గానీ ఏడుపు మాత్రం వచ్చింది. వరదలో ప్రతి ఇంటి తలుపూ తెరిచే ఉంటుంది, ప్రతి పొయ్యి మీదా ఎండుచేప కాలుతుంది. ఈ మనిషిని నేను ఎన్ని గుమ్మాల దగ్గర కాపలా కాస్తాను? ఫ్రిజ్ లేకుండా నిలవుండే నీసు కావాలి, అందులో ఉప్పు ఉండకూడదు. అలాంటిది ఉందంటే డబ్బాలోనే ఉండాలి. ఆ రోజు పట్టుకుంది నాకు డబ్బాల పిచ్చి.

మొదట తణుకులో ఒక పెద్ద కిరాణా కొట్టుకు వెళ్ళాను. కొట్టు యజమాని తరతరాలుగా శాకాహారి. "ఉన్నాయండి, పై అరలో. మీరే తీసుకోండి, ఏమనుకోకండి, మేం ముట్టుకోం," అని స్టూలు మాత్రం వేశారు. ఎక్కి, దుమ్ము దులిపి, మూడు రకాలు కిందికి దించాను. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. నా అవస్థ చూసి ఆయనే జాలిపడి బల్ల సొరుగులోంచి భూతద్దం తీసిచ్చారు. "గోదావరి పక్కన ఉంటూ డబ్బాలో చేప కొనేవాళ్ళని మిమ్మల్నే చూశానండి," అన్నారు. వరదల కోసమండి, అన్నాను. "మా ఇంట్లో వరదకి అటుకులు దాస్తామండి," అన్నారాయన, ఆ సంగతి అంతటితో తేలిపోయినట్టు.

ఉప్పును వాళ్ళు ఉప్పని రాయరు. సోడియం అని రాస్తారు. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పెంతో వస్తుందని ఆస్పత్రిలో ఆహారం గురించి చెప్పే అమ్మాయి నేర్పింది. ఒకడు వంద గ్రాములకు ఇంత అంటాడు. ఇంకొకడు ఒక వడ్డనకు ఇంత అంటాడు. అతగాడి వడ్డన ఎంతయ్యా అంటే డబ్బాలో మూడో వంతు! మా ఆయన ముందు ఆ మూడో వంతు పెడితే, రుచి చూడమని పెట్టాననుకుంటారు. కొట్టు బల్ల మీదే నోటుబుక్కు పెట్టుకుని గుణకారాలు చేశాను. ఉప్పునీళ్ళలో వేసిన టూనా చేపకు పది మార్కులకు మూడు వేశాను. టమాటా గుజ్జులో ఉన్న కవళ్ళ చేపలకు నాలుగు. చికెన్ కూర డబ్బాకు సున్నా చుట్టాను, ఎర్ర పెన్నుతో. ఒక్కటీ కొనకుండా దిగివస్తే ఆ యజమాని ఏమనుకున్నారో.

ఒక్కదాన్నే ఇలా తిరిగితే తేలదని, వేసవి సెలవుల్లో మా పక్కింటావిణ్ణి భీమవరానికి తోడు రమ్మన్నాను. ఆవిడ కువైట్‌లో పన్నెండేళ్ళు వంటమనిషిగా చేసి వచ్చింది. నాకంటే పెద్ద, నేను అక్కా అంటాను, ఆవిడ నన్ను టీచరుగారూ అంటుంది. డబ్బా తిండి గురించి మా లంకలో తెలిసిన మనిషి ఆవిడొక్కతే. వరదకి నాలుగు డబ్బాలు దాచుకుందామక్కా, అన్నాను. అంతే చెప్పాను.

సూపర్ మార్కెట్లో ఆవిడ డబ్బాను పట్టుకున్న తీరు చూసి నాకు ముచ్చటేసింది. సంతలో కొబ్బరికాయను పట్టుకున్నట్టు చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టి చూసేది. "మూత నొక్కితే టిక్కుమని లోపలికి పోయి పైకి రాకూడదండి. వస్తే పారెయ్యాలి. పక్కన సొట్ట పడితే పర్లేదు, అంచు మీద సొట్ట పడితే మాత్రం వద్దు. ఉప్పునీళ్ళ చేపయితే నీళ్ళు వంపేసి రెండుసార్లు కడగండి, సగం ఉప్పు పోద్ది." గులాబీ రంగు బొమ్మ ఉన్న లంచన్ మీట్ డబ్బా తీసి చూపిస్తే మొహం చిట్లించింది. "ఇది మాంసం పేరు చెప్పుకుని బతికే ఉప్పండి. మా మేడమ్ పిల్లలు తినగా మిగిలింది నాకు పెట్టేది. తిన్నాక కుండెడు నీళ్ళు తాగేదాన్ని."

నేను వినీ విననట్టు, కొత్తగా కొనుక్కున్న భూతద్దంతో ఒక్కో డబ్బా వెనకా వెతుక్కుంటున్నాను. ఆవిడ కాసేపు నన్నే చూసి, "అందరూ డేటు చూస్తారండి. మీరేంటి, డబ్బా డబ్బాకీ ఒక్క వరసే చదువుతున్నారు?" అంది.

"ఉప్పెక్కువైతే నాకు మొహం ఉబ్బుతుందక్కా," అన్నాను. అబద్ధం చెప్పడం రాని మనిషికి అబద్ధం ఎంత గబుక్కున వస్తుందో అప్పుడే తెలిసింది.

ఆవిడ నా మొహం వంక చూసింది. "అలాగాండీ," అంది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో డబ్బాల మాట ఎత్తలేదు, చేపల మేత ధర పెరిగిందని మాట్లాడింది. హమ్మయ్య అనుకున్నాను.

చివరికి నాకు కావలసింది రాజమండ్రిలో దొరికింది. ఆయన్ని డాక్టరుకు చూపించి వస్తూ, బయటి దేశాల సరుకులమ్మే ఒక చిన్న కొట్లో, అట్టపెట్టెల వెనక. మంచినీళ్ళలో టూనా, ఉప్పు కలపలేదు అని ఇంగ్లీషులో సన్న అక్షరాలతో ఉంది. గుణకారం చేశాను. మళ్ళీ చేశాను. నా చేతిలోంచి పెన్ను లాక్కుని మా ఆయన కూడా చేశారు. ఎప్పుడూ తప్పే పిల్లకు మొదటిసారి నూటికి నూరొస్తే ఎలా ఉంటుందో అలా ఉంది నాకు. కొట్లో పన్నెండే ఉన్నాయి. ఐదు రోజులకు పూటకొకటి చొప్పున పది, వరద ఆలస్యంగా తీస్తే ఇంకో రెండు. అన్నీ ఆయనకే. నా లెక్కలో నేను కూడా లేను, నేను పప్పన్నం తింటాను. ఇంక లంకలో మిగతా వాళ్ళ మాట చెప్పేదేముంది.

ఇక్కడో సంగతి చెప్పాలి. మా లూథరన్ క్రైస్తవుల ఇళ్ళల్లో ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి విడిగా ఒక డబ్బాలో వేస్తాం. ఆదివారం ఆ బియ్యం చర్చికి పట్టుకెళ్ళి పీపాలో పోస్తాం, లేనివాళ్ళ కోసం. మా అమ్మ వేసేది, నేనూ వేస్తాను. ఆ రెండు నెలలూ కూడా ఒక్క పూట మానలేదు. ఒక చేత్తో గుప్పెడు బియ్యం ఊరి కోసం తీసి, ఇంకో చేత్తో ట్రంకుపెట్టె మంచం కిందికి తోసేదాన్ని. రెండు చేతులూ నావే అన్న సంగతి అప్పుడు తోచలేదు.

ఒక డబ్బాను వరదకు ముందే తెరిచి చూశాం, పరీక్షకు. సొరచేపతో పిట్టు చేసినట్టు ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, అల్లం వెల్లుల్లి వేయించి, చేపను పొడిగా కలిపి, ఉప్పు వెయ్యకుండా నిమ్మకాయ పిండాను. మా ఆయన ఒక ముద్ద తిని ఆలోచించారు. "ఇది చేప కాదే. చేప ఇటుగా వెళ్ళిందని ఎవరో చెప్పినట్టుంది," అన్నారు. అయినా గిన్నె ఖాళీ చేశారు. మర్నాడే బస్సెక్కి రాజమండ్రి వెళ్ళాను, ఆ కొట్లో ఇంకో డబ్బా ఉందేమోనని. అదృష్టం, కొత్త సరుకు వచ్చింది. పన్నెండు మళ్ళీ పన్నెండయ్యాయి.

ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతో ఫోన్లో గంటకోసారి చూడడం మొదలుపెట్టాను. బడిలో పిల్లలకు భాగహారం చెబుతూ కూడా చూసేదాన్ని. మొదటి హెచ్చరిక. రెండు రోజులకు రెండో హెచ్చరిక. కాజ్‌వే మునిగింది. మా వీధిలోకి నీళ్ళు మోకాలి లోతున వచ్చేసరికి, పడవ కోసం చూడకుండా అందరం చర్చికి నడిచాం. ఎత్తు పునాది, పైన పెద్ద హాలు, పాతకాలం గోడలు. పదిహేను ఇళ్ళ వాళ్ళం. నేను బడి సంచీలో మాత్రలు, బీపీ చూసే మిషను, పన్నెండు డబ్బాలు పెట్టుకుని, పైన ఒక దుప్పటి కుక్కి, వీపున వేసుకున్నాను. మా ఆయన మోస్తానంటే పడనివ్వలేదు.

నేను అన్ని లెక్కలూ వేశాను గానీ, వరద ఇంటి దాకా వస్తే మా ఇంట్లో మేం ఉండమన్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు. చర్చిలో ఎవరి పొయ్యి వాళ్ళకు ఉండదు. కింద వరండాలో ఒకటే గాడిపొయ్యి, పెద్ద గుండిగలు, పీపాలోని గుప్పెడు బియ్యమే అన్నం. ఆడవాళ్ళం కలిసి వండడం, హాల్లో చాపలు పరిచి బంతిగా కూర్చుని తినడం. అందులో ఒక మనిషి ముందు డబ్బా తెరిచి పెట్టడం ఎలా? మొదటి రోజు మధ్యాహ్నం పప్పుచారు, ఎండుచేప వేపుడు. నేను ఆయన్ని రెక్క పట్టుకుని మెట్ల కిందికి, విరిగిన బెంచీలు పడేసిన మూలకు తీసుకెళ్ళాను. ముందే తెచ్చి దాచిన రెండు గరిటెల అన్నం పళ్ళెంలో పెట్టి, డబ్బా రింగు లాగాను. ఆ చప్పుడు చర్చి మొత్తం వినిపించిందనిపించింది.

వినిపించనే వినిపించింది. మా లంకలో అందరికంటే పెద్దావిడ ఒకావిడ ఉంది, ఊరంతటికీ మామ్మ. పళ్ళు లేవు, ఆ నోటికి ఉప్పొక్కటే రుచి. మజ్జిగలో కూడా ఇంకో చిటికెడు వేయించుకునేది. కర్ర పట్టుకుని వచ్చి మెట్ల దగ్గర ఆగింది.

"ఏంటమ్మా అది, డబ్బా?"

"మందు మామ్మా," అన్నాను.

మామ్మ గాలి పీల్చింది. "మందు నీసు కంపు కొడుతుందేంటే?"

"చేపనూనె మందు మామ్మా. గ్యాస్‌కి."

మామ్మ కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. మా ఆయన ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నారు. పైన హాల్లో పళ్ళేల చప్పుడు, నవ్వులు. "ముప్పై ఏళ్ళ బట్టీ ఈళ్ళతో కలిసి తిన్నానే," అన్నారు. "ఇలా దొంగలా తింటానని కలలో కూడా అనుకోలేదు." సగం వదిలేసి లేచారు. మిగిలింది నేను తిన్నాను, పారెయ్యడానికి మనసొప్పక. ఆ రాత్రి ఆయన డబ్బా తెరవనివ్వలేదు, మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నారు.

రెండో రోజు పొద్దుట మగవాళ్ళు చర్చి మెట్ల మీంచే వలేశారు. ఎవరి చెరువు గట్టు తెగిందో పాపం, బొచ్చె చేపలు పడ్డాయి, మోచేతి పొడవున్నవి. ఇంక చర్చిలో పండగే. పదకొండు గంటలకల్లా చింతపండు పులుసు వాసన పైకి వచ్చింది. మా ఆయన మొహం చూశాను. నెలల తరవాత ఆ మొహంలో ఆకలి కనిపించింది. నేను సంచీ వైపు చెయ్యి చాపాను.

"వద్దు," అన్నారాయన. "నేను ఆ మెట్ల కిందికి రాను. బంతిలో కూర్చుంటాను. ఏమైతే అదవుతుంది."

"ఏమైతే అదవుతుందా? ఇక్కడ పడవ కూడా లేదు! మళ్ళీ ఆయాసం వస్తే నేనేం చెయ్యాలి?"

"అరవకు, వింటారు," అన్నారు. వినకూడదన్నదే ఆయనకు ముఖ్యం. నాకు ఆ క్షణంలో ఆయన మీద ఎంత కోపం వచ్చిందో, ఎంత భయం వేసిందో చెప్పలేను. గబగబా కిందికి దిగాను. పులుసులో ఉప్పెంత వేశారో ముందు చూడాలి. ఆయనకు ముక్క మాత్రం పెట్టి పులుసు పొయ్యకుండా చెయ్యగలనేమో. ముక్కను కడిగి పెట్టగలనేమో. వంటలో సాయం చేస్తున్నట్టు గుండిగ దగ్గరికి వెళ్ళి, గరిటెతో కొంచెం తీసి అరచేతిలో వేసుకుని నాకాను.

పులుపుంది, కారముంది. ఉప్పు లేదు.

మళ్ళీ నాకాను. అస్సలు లేదు. పొయ్యి దగ్గర పక్కింటి అక్క కట్టెలు ఎగదోస్తోంది. "అక్కా, పులుసులో ఉప్పు మర్చిపోయారు," అన్నాను.

"మర్చిపోలేదండి. వెయ్యలేదు."

"ఎందుకని?"

ఆవిడ పొయ్యి మీంచి తల ఎత్తలేదు. "నిన్న మెట్ల కింద మీరు విప్పిందీ ఉప్పు లేని డబ్బాయే కదండీ."

గరిటె గుండిగ అంచు మీద పెట్టేశాను. "మీకెవరు చెప్పారు?" అన్నాను.

"ఒకరు చెప్పాలేంటండీ? గ్యాస్‌కి రాజమండ్రిలో తొమ్మిది రోజులుంచుతారా? ఆయనగారు ఈ మెట్లెక్కేటప్పుడు సగంలో ఆగి చెప్పు సరిచేసుకుంటారు. చెప్పులు లేనప్పుడు కూడా ఆగుతారండి. భీమవరంలో మీరు ఒక్క వరసే చదివారు. నేనేమన్నా చిన్నపిల్లనా?"

"ఎంతమందికి తెలుసు?"

"ఈ గుండిగ చుట్టూ ఉన్నవాళ్ళందరికీ తెలుసండి."

ముందు కోపమే వచ్చింది. ఏడాది పాటు నేను గ్యాస్ గ్యాస్ అంటుంటే, ఔనా అయ్యో అంటూ వామూ జీలకర్రా ఇచ్చినవాళ్ళు వీళ్ళే. ఒకావిడ ఉల్లిపాయలు తరుగుతూ కళ్ళు తుడుచుకుంటోంది, ఉల్లిపాయలకో మరి దేనికో. "చెరువుల వాళ్ళకి కూడా తెలుసా?" అన్నాను, గొంతు తగ్గించి.

"మేమెందుకు చెప్తామండి? ఆయన పని ఆయన చూసుకోలేరా? చెప్పుకోవాల్నిపిస్తే మీరే చెప్పుకుంటారని ఊరుకున్నాం." అక్క కట్టె వెనక్కి లాగింది. "నిన్న కూడా మీరు ఒక్క మాటంటే నిన్ననే ఇలా చేసేవాళ్ళం. ఉప్పు గిన్నె మధ్యలో పెడతాం, కావాల్సినోళ్ళు కలుపుకుంటారు. ఇదేమన్నా పెద్ద విద్యా?"

తణుకు, భీమవరం, రాజమండ్రి. భూతద్దం, గుణకారాలు, ఎర్ర పెన్ను. పక్కింటి గుమ్మంలో నిలబడి ఒక్క మాట అనడం మాత్రం నాకు తోచలేదు. సిగ్గేసింది, నిజంగా సిగ్గేసింది. పైకి వెళ్ళి సంచీ తెచ్చి, మిగిలిన పదకొండు డబ్బాలూ వరండా అరుగు మీద పెట్టాను. అక్క చేతులు తుడుచుకుని, ఒక్కోటీ తీసి అలవాటుగా వేలి కణుపుతో కొట్టి చూసింది. "రేపు వలకి ఏం పడతాయో ఏంటో. వీటితో అందరికీ పిట్టు చేద్దామండి, తలా ఒక గరిటె వస్తుంది," అంది. తలా ఒక గరిటె. పన్నెండు డబ్బాలకు నేను వెయ్యని లెక్క అదొక్కటే.

బంతి కూర్చుంది. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, చిన్న ప్రార్థన చేశారు. మగవాళ్ళ వరసలో మా ఆయన, ఎదురుగా ఆడవాళ్ళ వరసలో నేను, నా పక్కన మామ్మ. చాపల మధ్య ఉప్పు గిన్నె ఉంది, దాని మీద స్టీలు పళ్ళెం మూత పెట్టి ఉంది. నా కళ్ళు ఆయన చేతి మీదే ఉన్నాయి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగారు. చుట్టూ చూశారు. ఎవరి పళ్ళెంలోకి వాళ్ళు చూసుకుంటున్నారు. ఎవరి చెయ్యీ ఆ మూత మీదికి వెళ్ళలేదు. చప్పటి చేపల పులుసు, అరవై మంది, ఒక్కరు కిక్కురుమంటే ఒట్టు. మామ్మ మాత్రం ముద్ద ముద్దకీ మొహం చిట్లిస్తూ, మెల్లగా, చాలా మెల్లగా నములుతోంది.

ఆయనకు అర్థమైంది. నాకు తెలుస్తూనే ఉంది, చెవుల కొసలు ఎర్రబడ్డాయి. లేచి వెళ్ళిపోతారేమోనని భయపడ్డాను. వెళ్ళలేదు. తల వంచుకుని ఆ ముక్క తిని, "ఇంకో ముక్క వెయ్యండమ్మా," అని పళ్ళెం ముందుకు జరిపారు. వేశారు. అదీ తిన్నారు. పళ్ళెం తుడిచినట్టు తిని, లేచి, చెయ్యి కడుక్కోవడానికి మెట్ల వైపు వెళ్ళారు.

ఆయన వెనకే నేనూ లేచాను. గుమ్మం దాకా వెళ్ళాక, అన్నం తరవాత వేసుకోవాల్సిన మాత్ర సంచీలో ఉండిపోయిందని గుర్తొచ్చి వెనక్కి తిరిగాను.

హాల్లో అందరి పళ్ళేలూ సగానికి పైగా అలాగే ఉన్నాయి. స్టీలు పళ్ళెం పక్కకు తీసేసి ఉంది. ఉప్పు గిన్నె ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి గబగబా వెళుతోంది. అందరికంటే ముందు చిటికెడు తీసుకుని పులుసులో కలుపుకుంటున్న మామ్మ తలెత్తి నన్ను చూసింది.

"ఎంతసేపు తింటాడమ్మా మీ ఆయన! పులుసు చల్లారిపోయింది," అంది.